మూడో అర్జీలో వాడే మాట

ములకలపల్లి దాటి అడవిలోకి ఇంకా ముందుకు పోతే ఒక మండల కేంద్రం వస్తుంది. దాని పేరు నేను చెప్పను. చెబితే అక్కడి ఆఫీసుల వాళ్ళు నొచ్చుకుంటారు, నొచ్చుకున్న ఆఫీసు పని చెయ్యదు. నొచ్చుకోకపోయినా చెయ్యదనుకోండి, కానీ ఆ నింద నా మీదికెందుకు? ఆ ఊళ్ళో మండలాఫీసు గోడ పక్కన, జిరాక్స్ షాపు రేకుల కింద, ఒక టేబులూ రెండు ప్లాస్టిక్ కుర్చీలూ వేసుకుని కూర్చునే మనిషి యోనా. వయసు యాభై నాలుగు. ఎండాకాలమైనా ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. జనానికి అర్జీలు రాసిపెట్టడం ఆయన పని. ఆ గోడ పొడుగునా తెలుగులో రాసేవాళ్ళు ఇంకో నలుగురున్నారు. ఇంగ్లిషులో రాసేది ఈయనొక్కడే. అందుకని వాళ్ళు నలుగురూ రైటర్లు, ఈయన మాత్రం సారు.

యోనా సారుకి ఇంగ్లిషంతా ఒక ఎత్తు, అందులో ఒక్క మాట ఒక ఎత్తు. ఆ మాట డిసప్పాయింట్‌మెంట్. మిషన్ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు లెక్కల్లో ఇరవై రెండు మార్కులొస్తే, వార్డెనమ్మ ప్రోగ్రెస్ కార్డు మీద ఆ మాట రాసి సంతకం పెట్టింది. అర్థం తెలియక డిక్షనరీ తీసి చూశాడు. తిట్టు ఇంత మర్యాదగా కూడా ఉంటుందా అని ఆశ్చర్యపోయాడు. ఇంటి దగ్గర అయ్య తిట్టే తిట్లు వీధి చివరికి వినపడేవి. ఇది కార్డు దాటి బయటికి రాలేదు గానీ రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ రోజు నుంచి ఆయన దాన్ని వదల్లేదు, అదీ ఆయన్ని వదల్లేదు.

తెలుగులో దానికి సరైన మాట లేదని ఆయన వాదన. నిరాశ అంటారు కదా అని ఎవరైనా అంటే జాలిగా చూసేవాడు. నిరాశ అంటే అసలు ఆశే లేకపోవడం. అది ఈ ఏరియాలో పుట్టిన ప్రతివాడికీ పుట్టుకతోనే ఉంటుంది, దానికి దరఖాస్తు అక్కర్లేదు. డిసప్పాయింట్‌మెంట్ అలా కాదు. ముందు ఒకడొచ్చి ఆశ పెట్టాలి, దాన్ని నువ్వు నమ్మాలి, నమ్మాక వాడు చేతులెత్తెయ్యాలి. ఇంత జరిగితేగానీ ఆ మాట వాడే హక్కు రాదు. ఒకసారి బడి తెలుగు పంతులు ఆశాభంగం అనే మాట ఉందిగా అని అడ్డు తగిలాడు. పద్యంలో అయితే బాగానే ఉంటుంది పంతులుగారూ, ఆఫీసరుకి రాస్తే ఎవరికో కాలు విరిగిందనుకుంటాడు అని యోనా సారు తేల్చేశాడు. పంతులు మళ్ళీ ఆ పక్కకి రాలేదు.

ఈ రోజుల్లో ఆ మాటకి విలువ పోయిందని ఆయనకి మహా బాధ. జిరాక్స్ షాపు ఓనరు బిర్యానీలో ముక్కలు తక్కువ పడినా డిసప్పాయింట్ అంటాడు, ఫోను చార్జింగ్ నిలవకపోయినా డిసప్పాయింట్ అంటాడు. ముక్కలెక్కువేస్తనని హోటలోడు నీకు మాటిచ్చిండా అని యోనా సారు నిలదీస్తాడు. ఇయ్యలేదని ఓనరు ఒప్పుకుంటాడు. అయితే నీది ఉత్త ఆకలి, డిసప్పాయింట్‌మెంట్ కాదు పో, అని కొట్టిపారేస్తాడు. మనిషి మీద అయితే ఒక రకంగా, పని మీద అయితే ఇంకో రకంగా ఆ మాటని వాక్యంలో కూర్చోబెట్టాలని కూడా చెప్పబోతాడు. అంతలో ఓనరుకి ఎక్కడలేని జిరాక్సులూ గుర్తొస్తాయి.

ఆ మాటకి ఉదాహరణలు కావాలంటే ఆయన డిక్షనరీ తియ్యక్కర్లేదు. బి.ఎడ్. చేసి ఇంగ్లిషు టీచరు పోస్టుకి పరీక్ష రాస్తే లిస్టులో పేరొచ్చింది. మిఠాయిలు పంచాక ఆ లిస్టు మీద కేసు పడింది. కేసు తేలేసరికి ఆయన వయసు దాటిపోయింది, మిఠాయి తిన్నవాళ్ళలో ఇద్దరికి షుగరు కూడా వచ్చింది. తర్వాత వలంటీరు టీచరుగా పెట్టుకున్నారు. ఏప్రిల్లో తీసెయ్యడం, జూన్లో పెట్టుకోవడం, ఇదీ వరస. ఒక జూన్లో పెట్టుకోవడం మర్చిపోయారు. పెళ్ళి సంగతీ అంతే. ఆయన ప్రొటెస్టెంటు, భార్య సవరమ్మ ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్. పెళ్ళయ్యాక ఆవిడ తన చర్చికి వస్తుందని ఆయనా, ఈయన తన చర్చికి వస్తాడని ఆవిడా ఆశపడ్డారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసే గుమ్మం దిగుతారు, దిగాక ఆవిడ కుడికి పోతుంది, ఆయన ఎడమకి పోతాడు. సవరమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉన్నది ఆవిడ చలవే గానీ ఇంగ్లిషు చలవ కాదు.

ఇక అర్జీలు రాయడానికి ఆయనకి ఒక పద్ధతుంది. టేబులు ముందు కూర్చున్నవాణ్ణి ముందుగా అడిగేది ఊరూ కాదు, పేరూ కాదు. ఎన్నోసారి అని అడుగుతాడు. మొదటిసారైతే కోరుతున్నాము అని రాస్తాడు. రెండోసారైతే గుర్తు చేస్తున్నాము అంటాడు. మూడోసారికి మాత్రమే ఆ పెద్ద మాట పెన్నులోంచి దిగుతుంది. తొందరపడి ముందే వాడమంటే కోప్పడతాడు. ఆఫీసరు ఇంకా ఆశే పెట్టలేదు, అప్పుడే ఎట్ల డిసప్పాయింట్ అయితవు అంటాడు. సిరా రాయించుకునే వాళ్ళది, నియమం మాత్రం ఆయనది. ఫోనులు సరిగ్గా పలకని గూడేల వాళ్ళకైతే అర్జీ కింద తన చిరునామా, తన నంబరే రాస్తాడు. జవాబొస్తే తనే కబురు పంపుతాడు. ఇంతవరకు కబురు పంపే కష్టం ఆయనకి ఏ ఆఫీసూ పెట్టలేదు.

అలాంటి గూడెం ఒకటి ఇప్పలగుంపు. ముప్పై ఆరు కోయ ఇళ్ళు. రోడ్డుకీ దానికీ నడుమ ఎర్రవాగు. ఎండాకాలం అందులో ఇసక తప్ప ఏమీ ఉండదు, వానాకాలం ఊరు అవతల, లోకం ఇవతల. పదకొండేళ్ళ కిందట అక్కడ కల్వర్టు మంజూరైంది. నాలుగు సిమెంటు తూములు లారీలో వచ్చాయి. వాగు ఒడ్డు రెండు వైపులా రిజర్వు అడవి కిందికొస్తుంది, మా అనుమతి లేకుండా పార దించొద్దని అటవీ వాళ్ళు ఆపేశారు. అనుమతికి కంప్యూటర్లో పెట్టుకొమ్మన్నారు. కంప్యూటరు సర్వే నంబరు అడిగింది. అడవికి సర్వే నంబరు లేదు. నంబరు లేదని అటవీ రేంజరు పైకి రాస్తే చాలు, మిగతాది పైవాళ్ళు చూసుకుంటారు. ఆ ఒక్క కాగితం కోసమే ఈ పదకొండేళ్ళ అర్జీలు. తూములు మాత్రం మండలాఫీసు గోడ పక్కన, యోనా సారు టేబులుకి పది గజాల్లో దిగి, అక్కడే స్థిరపడ్డాయి. వాటి మీద మూడు ఎన్నికల గుర్తులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మధ్యాహ్నం మేకలు వాటిలో పడుకుంటాయి. మేకల నుంచి ఇంతవరకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇప్పలగుంపు తరపున అర్జీకి వచ్చేది జంపక్క. యాభై ఏళ్ళ మనిషి, తక్కువ మాటలు. వచ్చినప్పుడల్లా కొంగులో ఎండిన ఇప్పపువ్వో, దొన్నెలో తేనో తెచ్చి టేబులు మీద పెట్టి కూర్చునేది. పదకొండేళ్ళలో ఆమె రాయించిన అర్జీలు ముప్పై ఒకటి. యోనా సారు పద్ధతి ప్రకారం ఈపాటికి ఇప్పలగుంపు డిసప్పాయింట్‌మెంట్‌లో మునిగితేలుతూ ఉండాలి. కానీ అక్కడే ఉంది తిరకాసు. ఏడాది తిరిగేలోపే రేంజరు బదిలీ అవుతాడు. కొత్తాయన వచ్చాడంటే యోనా సారు మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాడు. ఆయనెవరో కొత్త మనిషి, మనకింకా ఏ ఆశా పెట్టలేదు, ఆయన మీద డిసప్పాయింట్ ఎట్ల అయితం అని ఆయన న్యాయం. ఒక్కోసారి రెండో అర్జీ దాకా వచ్చాక బదిలీ. ఒక్కోసారి మూడోది కవరులో పెట్టాక బదిలీ. ఇలా ఇప్పలగుంపు ఆ మెట్టు ఎక్కడం, జారడం, వైకుంఠపాళి ఆట అయిపోయింది. ఆ ఆటలో పాముని గీసింది ఎవరని ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

ఈ ఏడు ఏప్రిల్లో జంపక్క వచ్చేసరికి మూడో అర్జీ వంతు. ఈసారి ఆమె పని ఊరి పని మాత్రమే కాదు. ఆమె కూతురికి అయిదో నెల. శ్రావణంలో కాన్పు. పోయిన కాన్పు కూడా వానల్లోనే వచ్చింది. మంచానికి కర్రలు కట్టి మోసుకుంటూ వాగు దాటిస్తుంటే సగం దారిలో నీళ్ళు పెరిగాయి. రెండు గంటలు వాగు నడుమ బండ మీద ఆగిపోయారు. కూతురు దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ సంగతి యోనా సారు అప్పట్లో అర్జీ నాలుగో పేరాలో రాశాడు. ఎంత బాగా వచ్చిందో అని తనే రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ రోజు తెల్ల కాగితం తీసి, పెన్ను ఎంచుకుని, పెద్ద మాట దగ్గరికి వస్తుండగా జిరాక్స్ షాపు ఓనరు తల బయటపెట్టి, రేంజరు మారిండు గదా సారూ, మొన్న శనివారమే కొత్తాయన చేరిండు, రామ్‌చందర్ అంట, అన్నాడు. యోనా సారు రాస్తున్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. కొత్త కాగితం తీశాడు. మళ్ళీ మొదటి నుంచి రాయాలక్కా అన్నాడు. ఎందుకని అడిగింది. ఆశ సంగతి, హక్కు సంగతి, మెట్ల సంగతి అంతా ఓపిగ్గా వివరించాడు. జంపక్క అంతా విన్నది. వినడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. విన్నాక నిదానంగా అన్నది.

"సారూ, మొదటొచ్చిన రేంజరు కాదని నా మొకం మీదనే చెప్పిండు. ఆయన మీద మాకు ఆశ గా రోజే పోయింది. తర్వాతొచ్చినోళ్ళు మాతోని మాట్లాడనేలేదు. ఆశ పెట్టింది నువ్వే. వచ్చినప్పుడల్లా ఈసారి అయితదన్నవు. గా మాట రాసేదుంటే నీ పేరు మీద రాసుకో."

గొంతు పెంచలేదు. లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. తెచ్చిన ఇప్పపువ్వు పొట్లం టేబులు మీదనే ఉంది. యోనా సారు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆఫీసులకి ఇన్నేళ్ళు ఆయన ఇన్ని కాగితాలు రాసినా, ఆ రోజు ఆయన మొహం మాడినట్టు ఏ ఆఫీసరు మొహమూ మాడి ఉండదు. ఆయనకి సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది గానీ, ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక అది కాసేపుండి పోయింది.

ఇంటికెళ్ళి సవరమ్మతో చెప్పుకున్నాడు. ఓదారుస్తుందని ఆశ. ఈ మనిషికి ఇంకా ఆశలు పోలేదు. సవరమ్మ చింతపండు పిసుకుతూ అంతా విని, ఆమె చెప్పిన దాంట్లో తప్పేముంది అన్నది. నువ్వు రాసే ఇంగ్లిషు చదివే సారుకే పట్టలేదు, చదువు రాని వాగుకి పడతదా అన్నది. ఆ వాగు ఎంతుంటదని అడిగింది. ముప్పై ఒక్కసార్లు దాని ఉధృతిని వర్ణించాడే గానీ, ఒక్కసారి కూడా ఆయన ఎర్రవాగుని చూడలేదు.

మర్నాడు టేబులు వెయ్యలేదు. ఆటోలో ఇప్పలగుంపు మలుపు దాకా వెళ్ళి, అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చెట్ల మధ్య నుంచి ఒక ఇసక పల్లం దిగి, ఎక్కి, ఇంకో పావుగంట నడిస్తే ఇప్పలగుంపు వచ్చేసింది. జంపక్క ఆయన్ని చూసి ఆశ్చర్యపోయింది, ముందు చెంబుతో నీళ్ళూ, తర్వాత గిన్నెడు జావా ఇచ్చింది. తాగి, వాగు ఎక్కడ అని అడిగాడు. ఇప్పుడు దాటొచ్చిందే వాగు అన్నది.

వెనక్కి వెళ్ళి అడుగులతో కొలిచాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఇరవై రెండు అడుగులు పడ్డాయి, చివరిది కొంచెం సాగదీస్తే ఇరవై ఒకటి. ఆయన అర్జీల్లో అది గోదావరికి చెల్లెలు. ఇక్కడ చూస్తే మేకపిల్ల దాటేలా ఉంది. దాని నడుమ ఒక నల్ల బండ. కూతురిని రెండు గంటలు పడుకోబెట్టింది దాని మీదనేనని జంపక్క చూపించింది. యోనా సారు ఆ బండ ముందు నిలబడ్డాడు. నాలుగో పేరాలోని మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీ టేబుల్ పక్కన పడున్న తూములు మా ఊరి పేరు మీదొచ్చినయే గదా సారూ," అన్నది జంపక్క.

అవ్ అన్నాడు. కానీ పర్మిషన్ లేదన్నాడు. అది నోటికి అలవాటైన మాట, దానంతట అదే వచ్చింది. జంపక్క ఆకాశం వైపు చూసింది. వానకి పర్మిషన్ ఎవరిస్తరు సారూ అని అడిగింది. యోనా సారు మళ్ళీ వాగులోకి దిగి, నాలుగు తూములూ ఎక్కడ పడతాయో అడుగులు వేసి చూశాడు.

తూములు మొయ్యాలంటే ట్రాక్టరు కావాలి. ట్రాక్టరు బసవపున్నయ్యది. ఆయన ముప్పై ఏళ్ళ కిందట కృష్ణా జిల్లా నుంచి మొదట పెనుబల్లి వైపుకి, అక్కడి నుంచి ఇటు వచ్చి పొలాలు కొని స్థిరపడ్డ రైతు. యోనా సారు వెళ్ళి అడిగితే, గవర్నమెంటు సొమ్ముతో మనకెందుకండీ గొడవ, నేను పిల్లలు గలవాణ్ణి అన్నాడు. అయితే ఆయన మిర్చికీ పత్తికీ కూలీలు వచ్చేది ఇప్పలగుంపు నుంచే. వాగు పొంగితే కలుపు తీసేవాళ్ళు లేక చేను గడ్డిబీడవుతుంది. ఆ సంగతి యోనా సారు గుర్తు చేశాడు. పున్నయ్యగారికి వెంటనే పరోపకారం మీద మనసు మళ్ళింది. ట్రాక్టరిస్తాను గానీ నా పేరు ఎక్కడా రాకూడదండీ అన్నాడు. అందుకే ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేదు.

ఆదివారం చూసుకున్నారు, ఆఫీసుకి తాళం ఉంటుంది కనక. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి యోనా సారూ సవరమ్మా గుమ్మం దిగి ఒకే దిక్కుకి నడిచారు. ఆవిడ బడి డేగిసాలో పులిహోర కలిపి తెచ్చింది. డేగిసా కూడా గవర్నమెంటు సొమ్మే, మొదలుపెట్టాక మొహమాటమెందుకని. ఇప్పలగుంపు వాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. మేకల్ని లేపారు. తాళ్ళు కట్టి, బొంగులు తోసి, ఒక్కో తూమునీ ట్రాలీ మీదికి ఎక్కించారు. ఒకటి చివర పగిలి ఉంది, దాన్ని లోపలి వైపుకి వచ్చేలా పెట్టారు. వాగు నడుమ ఇసక తవ్వి, రెండేసి చొప్పున రెండు వరసలు దించి, పక్కన బండలు పేర్చి, యూరియా సంచుల్లో ఇసక నింపి ఒడ్డుకి కట్టారు. పైన మొరం పోశారు. యోనా సారు గడ్డపార పట్టి పావుగంటలో చేతులు బొబ్బలెక్కించుకున్నాడు. సారూ నువ్వు కూసో, రాసుకునే చెయ్యి అని ఒక ముసలాయన గడ్డపార లాక్కున్నాడు. దాంతో యోనా సారు బండలు అందించే ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాడు. పొద్దుగూకక ముందే ట్రాక్టరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోయి, వెనక్కొచ్చింది. పదకొండేళ్ళ పని, మధ్యలో పులిహోర తినే గంట పోను, ఏడు గంటలు పట్టింది.

పదకొండేళ్ళలో ఒక్క జవాబు రాయని సర్కారు నాలుగు రోజుల్లో రాసింది. అటవీ శాఖ బీటు ఆఫీసరు మోటారుసైకిలు మీద స్వయంగా తెచ్చి టేబులు మీద పెట్టాడు. నోటీసు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా తవ్వకం, నిర్మాణం. ముద్దాయి ఒక్కడే, యోనా. ఎందుకంటే ముప్పై ఒక్క అర్జీల కిందా ఉన్న చిరునామా, ఫోను నంబరూ ఆయనవే. రికార్డు ప్రకారం పదకొండేళ్ళుగా ఆ వాగు దాటాలని తహతహలాడుతున్న మనిషి ఆయనొక్కడే. పేరులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆయన టీచరు లిస్టులో కూడా పేరు అంత సరిగ్గా పడలేదు. పదిహేను రోజుల్లో హాజరు కావాలన్నారు. హాజరైతే రేంజరు మీటింగుకి పోయాడు. మళ్ళీ వెళ్తే క్యాంపులో ఉన్నాడు. సవరమ్మ రెండు వారాలు రెండు పూటలా జపమాల తిప్పింది. జైలంటే ఆయనకీ భయమే. భయం లేదని చెబితే అబద్ధం.

ఈలోగా వానలు పడ్డాయి. ఆషాఢంలో ఎర్రవాగు రెండుసార్లు తూముల మీదుగా పొర్లింది, మొరం కొట్టుకుపోతే గూడెం వాళ్ళు మళ్ళీ పోశారు. శ్రావణం రెండో వారం ఒక మధ్యాహ్నం జంపక్క కూతురికి నొప్పులు మొదలయ్యాయి. ఒకడు గుట్టెక్కి సిగ్నలు పట్టుకుని అంబులెన్సుకి ఫోను చేశాడు. బండి మలుపు తిరిగి, వాగు దగ్గర ఒక్క నిమిషం ఆగి, డ్రైవరు దిగి తూముల్ని ఎగాదిగా చూసి, ఎక్కి, దాటించాడు. ఇంటి ముందు ఆగింది. దవాఖానాకి చేరిన గంటకి ఆడపిల్ల పుట్టింది. మర్నాడు జంపక్క యోనా సారు టేబులు దగ్గరికొచ్చి, ఇద్దరూ మంచిగున్నరు అని చెప్పి, బస్సు టైమయిందని వెళ్ళిపోయింది. ఆయన కుర్చీ వెనక్కి తిప్పుకుని గోడ వైపు మొహం పెట్టి కాసేపు కూర్చున్నాడు. కంట్లో నలుసు పడిందని జిరాక్స్ ఓనరుతో చెప్పాడు.

ఆ తర్వాతి సోమవారం రేంజరు దొరికాడు. రామ్‌చందర్‌కి నలభై లోపే ఉంటాయి, శుభ్రంగా ఉన్నాడు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ముందర బల్ల మీద ఒక లావుపాటి ఫైలు ఉంది. తెరిస్తే అందులో యోనా సారు దస్తూరి. ముప్పై ఒక్క అర్జీలూ తేదీల వారీగా, నంబర్లు వేసి, మూలలు మడత పడకుండా దారంతో కుట్టి ఉన్నాయి. చెత్తబుట్టలో పోతున్నాయనుకున్నాడు ఇన్నాళ్ళూ. పోలేదు. ఒక్కటీ పోలేదు. రేంజరు పేజీలు తిప్పుతూ, ఛార్జి తీసుకున్న మొదటి వారమే ఇవన్నీ కూర్చుని చదివానని చెప్పాడు. భాష ఎంత బాగుందో అన్నాడు. ఆ నాలుగో పేరా అయితే మరీనూ అన్నాడు. మా క్లర్కు తన పిల్లలకి లెటర్ రైటింగుకి వీటినే జిరాక్సు తీసిస్తాడు, పోయిన పరీక్షల్లో పెద్దదానికి ఫుల్ మార్కులొచ్చినయట అని కూడా చెప్పాడు. పొగడ్తే అది. యోనా సారుకి చెంప మీద కొట్టినట్టయింది.

రేంజరు ఫైలు మూశాడు. ముఖంలో నిజంగానే బాధ ఉంది.

"ఇంత పద్ధతిగల మనిషి మీరు, గిట్ల చేస్తరనుకోలే యోనా గారూ. ఐ యామ్ వెరీ డిసప్పాయింటెడ్."

యోనా సారు ఆ మాటని ఇన్నేళ్ళలో వందలసార్లు రాశాడు, ఒక్కడి నోటి నుంచి కూడా ఇంత నిఖార్సుగా వినలేదు. ఆయనలోని ఇంగ్లిషు టీచరు ఊరుకోలేకపోయాడు.

"మీరు నా మీద ఏం ఆశ పెట్టుకున్నరు సార్?"

రేంజరు ఆలోచించాడు. మంచివాడే, అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఇట్లనే రాసుకుంట ఉంటరనుకున్న," అన్నాడు.

యోనా సారుకి తన మీద ఎంత పెద్ద భారం ఉండిందో అప్పుడు తెలిసింది. పదకొండేళ్ళు, పన్నెండు మంది రేంజర్లు, ఒక ఆఫీసంతా ఆయన్నే నమ్ముకుని నిశ్చింతగా ఉన్నారు. వాగు సంగతి యోనా చూసుకుంటాడు, నాలుగు నెలలకోసారి చక్కటి ఇంగ్లిషులో బాధపడతాడు, మనం కుట్టి దాచుకుంటే చాలు. అంతమంది నమ్మకాన్ని ఒక ఆదివారం ఏడు గంటల్లో వమ్ము చేశాడు. ఆయనకి సంతోషం వేసింది. టీచరు లిస్టులో పేరొచ్చిన రోజు కూడా అంత సంతోషం వెయ్యలేదు.

రేంజరు ఒక తెల్ల కాగితం ముందుకి జరిపాడు. మీ ఇంగ్లిషులో ఒక క్షమాపణ రాసిస్తే ఫైలు క్లోజ్ చేస్తానన్నాడు. తూములు తీసేస్తామని ఒక లైను వేస్తే చాలన్నాడు. యోనా సారు జేబులోంచి పెన్ను తీయలేదు.

"అడుక్కునుడు వచ్చు సార్ నాకు, ముప్పై ఒక్కటి మీ దగ్గరనే ఉన్నయి. క్షమాపణ రాసే అలవాటు లేదు," అని లేచి నమస్కారం పెట్టాడు.

కేసు కోర్టుకెక్కింది, ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు ఆయన టేబులు వెయ్యడు. ఇప్పలగుంపు నుంచి ఇద్దరు ముగ్గురు తోడు వస్తారు. ఇప్పుడు గూడెం దాకా వచ్చే ఆటో ఎక్కి, ఆ తూముల మీదుగానే వాగు దాటి, పొద్దున పదింటికల్లా ఆయనతో పాటు కోర్టు మెట్ల మీద ఉంటారు.